ప్రాచీన కోతి, పరిరక్షిత దుమ్ము

మా రాష్ట్రంలో పాత వీడియో గేములకు మంచి రోజులు ఒక సభలో వచ్చాయి. ఆ సభ దేనికోసం పెట్టారో ఇప్పుడెవరికీ గుర్తు లేదు. వేదిక మీదున్న పెద్దాయన, తన చేతికిచ్చిన ప్రసంగం అయిపోయినా భోజనాలు ఇంకా సిద్ధం కాలేదని గమనించి, "మా రోజుల్లో వీడియో గేములే వేరు! ఇప్పటి గేముల్లో ఏముందండీ?" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగేలోపు వెనక వరసలోని అధికారులు ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకున్నారు. విస్తళ్ళు వేసేసరికి 'ప్రాచీన దృశ్యక్రీడా సంపద సంరక్షణ శాఖ' ఏర్పడి, దానికొక జీపు కూడా మంజూరైంది.

పెద్దాయన అన్న మాటతో నాకేం పేచీ లేదు. ఆయన అనకముందు నుంచీ మా ఇంట్లో మేం ఆ మాట మీదే ఉన్నాం.

మా ఇంట్లో ఒక పాత టీవీ గేము మిషను ఉంది. మా ఆయన కాలేజీ రోజుల్లో ఎగ్జిబిషన్‌లో కొన్నారట. పెళ్ళయి నేను కాపురానికి వచ్చేసరికి ఆయనకు దాని మీద మోజు తీరిపోయి, అది అటకెక్కింది. అటక దులుపుతూ నేనే కిందికి దించాను. ఏ వస్తువునైనా పారేసేముందు పనిచేస్తుందో లేదో చూడడం నా పద్ధతి. పనిచేసింది. అప్పటినుంచీ నేనూ మా అత్తగారూ మధ్యాహ్నం భోజనాలయ్యి, గిన్నెలు బోర్లించాక ఆడుకుంటూనే ఉన్నాం.

దాని కాసెట్ మీద 'తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలు' అని అచ్చువేసి ఉంటుంది. లోపల ఉన్నవి ఏడు. ఎనిమిదో నంబరు నొక్కితే మళ్ళీ మొదటి ఆటే వస్తుంది. అలాంటి కాసెట్ కొన్న ప్రతి ఇంట్లోనూ ఈ సంగతి తెలుసు, ఎవరూ కోర్టుకు వెళ్ళలేదు. కాసెట్ పెట్టేముందు దాని అడుగున నోటితో గట్టిగా ఊదాలి. ఊదకపోతే తెరంతా గళ్ళ లుంగీలా కనిపిస్తుంది. ఎందుకు ఊదాలో ఎవరూ చెప్పలేరు. ఊదినవాళ్ళకు మాత్రం ఆట వస్తుంది.

మా అత్తగారి పేరు మాణిక్యాంబ. ఆ ఏడింటిలో ఆవిడ దృష్టిలో ఆటంటే కోతి ఆట ఒక్కటే. కోతి గోడలు దూకుతూ, మామిడిపళ్ళు ఏరుకుంటూ కోట తర్వాత కోట దాటాలి. చివరిదైన ఎనిమిదో కోట గుమ్మం ముందు ఒక నల్ల గబ్బిలం పైకీ కిందికీ తిరుగుతుంటుంది. దాని వెనక తలుపు. ఆ తలుపు వెనక ఏముందో మా ఇంట్లో ఎవరం చూడలేదు. మిషనుకు గుర్తుపెట్టుకునే అలవాటు లేదు. కోతికున్న మూడు ప్రాణాలూ పోతే మళ్ళీ మొదటి గోడ నుంచే మొదలెట్టాలి. అత్తగారికి కంటి ఆపరేషనయ్యి పట్టీ విప్పిన రోజున డాక్టరు "ఎలా కనిపిస్తోందమ్మా?" అని అడిగితే, "గబ్బిలం రెక్క ఎక్కడిదాకా ఉందో ఇప్పుడు తెలుస్తుంది బాబూ" అన్నారు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, పెద్దావిడ ఇంట్లో ఇంకేమైనా తేడాగా మాట్లాడుతున్నారా అని అడిగారు.

మా ఆయన ఆధునికులు. ఫోనులో కోట కడుతుంటారు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి కుర్చీలో కూర్చోగానే అత్తగారు పలకరిస్తారు.

"ఏరా రత్నం, నీ కోట లేచిందా?"

"అప్‌డేట్ అవుతోందమ్మా."

"నిన్నా అదే అన్నావు."

"నిన్నటిది వేరే అప్‌డేట్."

"మధ్యలో ఆ సబ్బు పిల్ల ఎవత్తిరా?"

"యాడ్ అమ్మా. అది చూస్తే ఒక లైఫ్ ఇస్తారు."

"నా కోతి మూడు ప్రాణాలతోనే పుట్టింది. ఎవరి సబ్బూ చూడక్కర్లేదు. నా మిషను నన్నేమీ అడగదురా. నొక్కితే ఆడుతుంది, నొక్కితే ఆగుతుంది. అంతే."

ఇది మా ఇంటి అభిప్రాయం. ఇదే ప్రభుత్వ అభిప్రాయం కూడా అయ్యాకనే మాకు కష్టాలు మొదలయ్యాయి.

శాఖ పుట్టిన కొత్తలో ఊరంతా ఒకటే హడావుడి. బడుల్లో 'పాత ఆటల పీరియడు' పెట్టారు. మిషన్లు లేవు కనుక పిల్లలు 'కోతి దూకును, దూకిన కోతి పండు తినును' అని నోటుపుస్తకాల్లో రాసుకుని బట్టీ పట్టారు. దానికి ట్యూషన్లు వెలిశాయి. మా వీధి చివర కాఫీ హోటలువాళ్ళు చెడిపోయిన మిషనొకటి గోడకు తగిలించి, 'పాతకాలపు కాఫీ' అని బోర్డు పెట్టారు. కాఫీ నిజంగానే పాతదని తాగినవాళ్ళు చెప్పారు.

తర్వాత సర్వేకి ఒకతను వచ్చాడు. "మీ ఇంట్లో పాత గేములేమైనా ఉన్నాయా మేడమ్?"

"ఉంది. పనిచేస్తుంది కూడా," అన్నాను.

అతను పెన్ను జారవిడిచాడు. ఆ రెండో మాట నేను అనకుండా ఉండాల్సింది. జిల్లా మొత్తం మీద పనిచేసే ప్రాచీన మిషను మాదొక్కటేనని ఆ మర్నాడే తేలింది.

ప్రాంతీయ సంరక్షణాధికారి వామనమూర్తిగారు శాలువా, పూలదండ, ఫొటోగ్రాఫరు, ఒక అటెండరుతో సహా జీపు దిగినప్పుడు అత్తగారు ఎనిమిదో కోట గుమ్మం దగ్గర ఉన్నారు. కోతికి చివరి ప్రాణం. నేను పక్కన కూర్చుని ఊపిరి బిగబట్టి చూస్తున్నాను.

"నమస్కారమమ్మా. సన్మానం నిమిత్తం వచ్చాం," అన్నారు వామనమూర్తిగారు.

"కూర్చోండి నాయనా. గబ్బిలం పైకెళ్ళింది, ఒక్క క్షణం."

"సన్మానం మీకు కాదమ్మా, మిషనుకు."

శాలువా మిషనుకు కప్పారు. దండ టీవీకి వేశారు. దండ తెర మీదకు వేలాడడంతో అత్తగారు మెడ పక్కకు వంచి, బంతిపూల సందులోంచి ఆడుతున్నారు. గబ్బిలం కిందికి దిగి మళ్ళీ పైకి లేచింది. కోతి దూకింది.

"సదరు వస్తువును తక్షణమే యథాతథ స్థితిలో ఉంచవలెను," అన్నారు వామనమూర్తిగారు. అటెండరు ప్లగ్గు పీకేశాడు.

తెర మీద బొమ్మ చుక్కంత అయ్యి మాయమైంది. అత్తగారి బొటనవేలు ఇంకా మీట మీదే ఉంది.

"ఒక్క దూకు నాయనా," అన్నారు ఆవిడ. "తలుపు దగ్గరికి వెళ్ళిపోయాను."

"ఆడితే అరుగుతుందమ్మా. ఆడకుండా కాపాడితేనే కదా, రేపటి తరాలవారు ఆడుకోగలిగేది."

"రేపటి తరాలవాళ్ళు ఆడితే అరగదా?"

"వారిని మాత్రం ఆడనిస్తామా?" అన్నారు వామనమూర్తిగారు, ఆవిడకు ధైర్యం చెబుతున్నట్టు.

ప్లగ్గుకు లక్కతో సీలు వేశారు. మిషనుకు గాజు పెట్టె కట్టారు. ఆ మిషను మా డబ్బా టీవీతో తప్ప పనిచేయదు కనుక టీవీ కూడా సంపద అయింది. టీవీ కింద స్టూలు సంపద అయింది. టీవీ మీద నేను అల్లిన క్రోషియా గుడ్డ కూడా అయింది. దాన్ని ఉతకాలన్నాను. "ఉతికితే అందులోని కాలం పోతుంది మేడమ్," అన్నారు వామనమూర్తిగారు.

మిక్సీ వేస్తే కంపనాలు వస్తాయని ఉత్తర్వు వచ్చింది. పచ్చడి రోట్లో చేసుకున్నాం. "మెల్లగా రుబ్బు అమ్మాయ్," అన్నారు అత్తగారు, కిటికీ వైపు చూస్తూ. "రోలు కూడా పాతదే. చప్పుడు వింటే రాసుకుపోతారు."

నాకు అన్నిటికన్నా మనసుకు కష్టం కలిగింది దుమ్ము విషయంలో. హాలు తుడవడానికి అనుమతి కోరుతూ దరఖాస్తు పెట్టాను. జవాబుగా వామనమూర్తిగారే స్వయంగా వచ్చి చదివి వినిపించారు.

"నోటిఫికేషన్ తేదీకి పూర్వము పడియున్న దుమ్ము పరిరక్షిత దుమ్ముగా పరిగణింపబడును. తదుపరి పడిన దుమ్మును గృహిణి తన స్వంత బాధ్యతపై తొలగించుకొనవచ్చును."

"మా ఇంట్లో పూర్వపు దుమ్ము లేదండీ," అన్నాను.

"ఉండాలి మేడమ్."

"లేదండీ. నేను రోజూ రెండు పూటలా తుడుస్తాను."

ఆయన గాజు పెట్టె చుట్టూ తిరిగి, వేలితో స్టూలు కింద రాసి చూసుకున్నారు. వేలు శుభ్రంగా ఉంది. ఆయన ముఖం వాడిపోయింది. దుమ్ము లేని ప్రాచీన వస్తువును పైవాళ్ళు నమ్మరట. మర్నాడు శాఖవారు వేరే చోటి నుంచి సేకరించిన దుమ్మును పొట్లం కట్టి తెచ్చి, గాజు పెట్టె తెరిచి, దూదితో అద్ది, తాళం వేసి వెళ్ళారు. చుట్టాలు వచ్చినప్పుడల్లా ఆ దుమ్ము నాది కాదని చెప్పుకోవలసి వచ్చింది.

అంతటితో ఆగినా బాగుండేది. ఒకరోజు వామనమూర్తిగారు సంపద జాబితా పూర్తిచేయాలంటూ వచ్చారు.

"ఆటల పేర్లు వరసగా చెప్పండి మేడమ్. మొత్తం తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది."

"లోపల ఏడేనండీ."

"ప్రభుత్వం వద్ద లిఖితపూర్వక ఆధారం ఉంది." గాజులోంచి కాసెట్ మీది అక్షరాలు చూపించారు.

"అవి ఊరికే వేస్తారండీ. అందరికీ తెలుసు."

"అందరికీ తెలిసింది ఆధారం కాదు మేడమ్. మిగిలిన ఆటలు మీ స్వాధీనంలో ఉండగా పోయాయా, మీరు ఎవరికైనా తరలించారా అన్నది శాఖ తేల్చుకోవాల్సి ఉంటుంది." ఆయన గొంతు తగ్గించారు. "నేను మంచివాణ్ణి కనుక ముందే చెబుతున్నాను. తప్పిపోయిన ఆటలకు సంజాయిషీ ఇవ్వలేకపోతే మిషనును స్వాధీనపరచుకుని రాజధానిలో భూగృహంలో భద్రపరుస్తారు."

ఆయన వెళ్ళాక అత్తగారు హాలంతా ఒకసారి కలయజూశారు. "ఇంత కొంపలో అన్ని ఆటలు ఎక్కడ దాచానంటాడే అతను?"

ఈలోగా ఆవిడకే ఒక హోదా వచ్చింది. శాఖ రికార్డుల్లో ఆవిడ 'సజీవ సంపద'. రోజూ మధ్యాహ్నం, సరిగ్గా మేం ఆడుకునే వేళకు, ఆవిడ మిషను ముందు కూర్చుని సందర్శకులకు కనిపించాలి. అసలు రిమోటు గాజు పెట్టెలో ఉంది కనుక చెక్కతో చేసి మీటలకు రంగు వేసిన నమూనా ఒకటి ఆవిడ చేతికిచ్చారు. కొత్త ఆటలేవీ ఆవిడ కంట పడకూడదన్నారు. పడితే కల్తీ అవుతారట. మా ఆయన పెరట్లో నిలబడి కోట కట్టుకోవలసి వచ్చింది.

బడిపిల్లలు వరసలో వచ్చి చూసి వెళ్ళేవారు. "ఈమే ప్రాచీన క్రీడాకారిణి," అనేవారు టీచరమ్మ.

"ప్రాచీనం మిషనమ్మా. నేను కాదు," అనేవారు అత్తగారు.

అందరూ వెళ్ళిపోయాక ఒకరోజు చూశాను. ఆవిడ ఇంకా అక్కడే కూర్చుని, నల్లటి తెర వైపు చూస్తూ, చెక్క రిమోటు మీద బొటనవేళ్ళు ఆడిస్తున్నారు.

"ఏం చేస్తున్నారు అత్తయ్యగారూ?"

"మనసులో ఆడుతున్నానే హైమా. గోడలన్నీ గుర్తున్నాయి, కోటలన్నీ గుర్తున్నాయి." ఆవిడ చెక్కముక్క ఒళ్ళో పెట్టుకున్నారు. "తలుపు తీశాక ఏం రావాలో తెలియట్లేదు. చూళ్ళేదుగా. అక్కడికొచ్చి ఆగిపోతున్నాను."

ఆ సాయంత్రం, మిషనును సంపదగా ప్రకటించిన శాఖవారి ఉత్తర్వు ప్రతిని తీసుకుని, పెన్సిలు పట్టుకుని వంటింట్లో పీట వేసుకు కూర్చున్నాను. నేను బి.ఎస్సీ.లో వృక్షశాస్త్రం చదివాను. మొక్కను దాని లక్షణాలను బట్టి ఏ కుటుంబానిదో తేలుస్తారు తప్ప, దాని వయసును బట్టి కాదు. మా లెక్చరరుగారు ఈ ఒక్క ముక్కే సంవత్సరమంతా చెప్పారు.

ఉత్తర్వు చివర్లో నేను వెతికింది దొరికింది. 'ఆరంభమునకు ముందు వేచియుండజేయునది, ఆడువాని వ్యక్తిగత వివరములు కోరునది, మధ్యన ప్రకటనలు ప్రదర్శించునది, అదనపు ప్రాణములకు ప్రతిఫలము ఆశించునది ఏదైననూ, దాని వయసుతో నిమిత్తము లేక, ఆధునికముగా పరిగణింపబడి ఈ ఉత్తర్వు పరిధి నుండి మినహాయింపబడును.' వయసుతో నిమిత్తం లేక అని ఎందుకు రాశారో తెలియదు. ఎవరి బావమరిదికో మినహాయింపు కావలసి వచ్చి ఉంటుంది. చట్టాల్లో జనానికి పనికొచ్చే వాక్యాలు సాధారణంగా అలాగే వచ్చి చేరతాయి.

"ఏవండీ," అన్నాను పెరటి గుమ్మంలోకి వెళ్ళి. "మీ కోట మిమ్మల్ని ఏమేం అడుగుతుందో, ఎంతసేపు కూర్చోబెడుతుందో అంతా నాకు వివరంగా చెప్పండి."

మా ఆయన ముఖం వెలిగింది. పెళ్ళయినప్పటినుంచీ ఆ సంగతి ఆయన్ను ఎవరూ అడగలేదు.

మా మిషను ఆధునికమైనదనీ, పొరపాటున ప్రాచీనంగా వర్గీకరించారనీ, వచ్చి పరిశీలించమనీ అర్జీ పెట్టాను. పరిశీలించాలంటే మిషను ఆడించాలి. ఆడించాలంటే వామనమూర్తిగారి అనుమతి కావాలి. అందుకని వామనమూర్తిగారు తనకు తానే దరఖాస్తు పెట్టుకున్నారు. మొదటిసారి వివరాలు చాలలేదని తిప్పి పంపుకున్నారు. రెండోసారి మంజూరు చేసుకుని వచ్చి, లక్క సీలు పగలగొట్టి, గాజు పెట్టె తాళం తీసి, మిషను ముందు కూర్చున్నారు.

"ఏదీ, దీని ఆధునికత ఎక్కడుందో నిరూపించండి," అని కాసెట్ కోసం చెయ్యి చాపారు.

"ఆగండి బాబూ," అంటూ అత్తగారు కాసెట్ తన ఒళ్ళోకి తీసుకున్నారు. "ముందు మీ వివరాలు. పేరు?"

"మీకు తెలుసు కదమ్మా. కె. వామనమూర్తి."

"'కె' అంటే?"

"కొచ్చెర్లకోట."

"ఎక్కడి కొచ్చెర్లకోటవారు? మీ ఆవిడ పుట్టిల్లు ఎక్కడ? ఆవిడకు మోకాళ్ళ నొప్పులేమైనా ఉన్నాయా? మీకు షుగరుందా? రాత్రి నిద్ర పడుతోందా? మీ తోడల్లుడి ఫోను నంబరు చెప్పండి."

"ఆటకు మా తోడల్లుడెందుకమ్మా?"

"నాకూ తెలీదు. మావాడి ఫోను కూడా ఇలాగే అడుగుతుంది."

వామనమూర్తిగారు మా ఆయన వైపు చూశారు. మా ఆయన నిపుణుడి హోదాలో గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. "తప్పదు సార్. అన్నీ చెప్పి, చివర్న 'అంగీకరిస్తున్నాను' అనాలి. అనకపోతే ముందుకెళ్ళదు."

"దేనికి అంగీకరిస్తున్నట్టు?"

"అది ఎవరూ చదవరు సార్."

"అంగీకరిస్తున్నాను," అన్నారు వామనమూర్తిగారు.

అత్తగారు కాసెట్‌ను పమిట చెంగుతో తుడిచారు. అడుగున ఊదారు. వెలుతురుకేసి పెట్టి చూశారు. మళ్ళీ ఊదారు. మంచినీళ్ళు తాగి వచ్చి ఇంకోసారి ఊదారు.

"ఇంకా ఎంతసేపు?" అన్నారు వామనమూర్తిగారు.

"నలభై శాతం అయింది సార్," అన్నారు మా ఆయన.

చివరికి తెర మీద కోతి కనిపించింది. వామనమూర్తిగారు ప్రాచీన క్రీడల మీద మూడు ఊళ్ళలో ఉపన్యాసాలిచ్చారు కానీ రిమోటు పట్టుకోవడం అదే మొదటిసారి. ఫైలు మీద సంతకం పెట్టినంత నింపాదిగా మీట నొక్కి వదిలేశారు. కోతి మొదటి గోడకు కొట్టుకుని పడిపోయింది.

"ఏమైంది?"

"చచ్చిపోయింది బాబూ," అన్నారు అత్తగారు.

"అంత తొందరగానా?"

రెండో కోతి కూడా అక్కడే పోయింది. మూడో కోతి గోడ దాటింది. వామనమూర్తిగారు కుర్చీలో ముందుకు జరిగారు. రెండో గోడ. మూడో గోడ. కోతి గాలిలో ఉండగా మా ఆయన మిషనుకున్న రెండో రిమోటుతో ఆట ఆపేశారు. నేను పళ్ళెం పట్టుకుని టీవీకి అడ్డంగా నిలబడ్డాను.

"అన్నం సయించడం లేదా? మాణిక్యాంబగారి కందిపొడి! వేయించిన కందిపప్పు, గుప్పెడు మినప్పప్పు, తగినన్ని ఎండుమిరపకాయలు. వేడన్నంలో నెయ్యి వేసుకుని..."

"మేడమ్, పక్కకు జరగండి! కోతి గాలిలో ఉంది!"

"ఇంకా వెల్లుల్లి సంగతి రాలేదండీ."

"దీన్ని దాటవేసే మార్గం లేదా?"

"సగం విన్నాక ఉంటుంది సార్," అన్నారు మా ఆయన సానుభూతిగా.

వెల్లుల్లి కూడా అయ్యాక పక్కకు తప్పుకున్నాను. కానీ ఆయన లయ తప్పింది. కోతి బావిలో పడింది. తెర మీద ఆట ముగిసిందన్న అక్షరాలు వచ్చాయి. వామనమూర్తిగారు ఆ అక్షరాల వైపు, పై అధికారి రాసిన మెమో చూసినట్టు చూశారు.

"ఇంకో ప్రాణం దొరకదా అమ్మా?"

అత్తగారు గోరుచిక్కుడుకాయల బుట్ట ఆయన ముందుకు నెట్టారు. "రెండు చివర్లూ తుంచి, నార తీసి, రెండేసి ముక్కలు. ముదురువి పక్కన పెట్టండి."

ఆయన బుట్ట వైపు, తెర వైపు చూశారు. తర్వాత చొక్కా చేతులు మడిచారు.

ఆ మధ్యాహ్నం గోరుచిక్కుళ్ళు అయ్యాయి. గోంగూర కట్టలు మూడూ ఒలిచారు. చింతపండులో గింజలు ఏరారు. సాయంత్రానికి ఆయన కోతి రెండో కోట దాకా వెళ్ళింది. ఆయన జుట్టు చెదిరి, వేళ్ళు పుల్లపుల్లగా ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చినట్టు ఫైలు తెరిచారు. "మరి తప్పిపోయిన ఆటల మాటేమిటి? ఇందాక నంబర్లు నొక్కి చూశాను. ఏడే ఉన్నాయి."

"అవి ఇంకా డౌన్‌లోడ్ కాలేదు సార్," అన్నారు మా ఆయన. "వస్తాయి. అప్‌డేట్‌లో వస్తాయి."

"ఎప్పుడు?"

"త్వరలో."

ప్రభుత్వంలో చిరకాలం పనిచేసిన మనిషి కనుక ఆ జవాబు ఆయనకు పూర్తిగా తృప్తినిచ్చింది. కలం తీసి రాశారు: 'పరిశీలించితిని. సదరు యంత్రము నిస్సందేహముగా ఆధునికము. ఆడువానికి ఇంతటి విసుగు కలిగించు వస్తువు ప్రాచీన కాలమున సాధ్యము కాదు.'

టీవీ, స్టూలు, నా క్రోషియా గుడ్డ అన్నీ విడుదలయ్యాయి. గుడ్డను ఆ రాత్రే సర్ఫులో నానబెట్టాను. అత్తగారు కల్తీ కావడానికి అనుమతి లభించింది. మా ఆయన పెరట్లోంచి హాల్లోకి వచ్చారు. గాజు పెట్టె మాత్రం వెళ్ళలేదు. శాఖవారు తెచ్చిన దుమ్ముకు విడిగా నంబరు పడి ఉండటం వల్ల అది ఇప్పటికీ పరిరక్షితమే. మా హాల్లో ఒక మూల గాజు పెట్టె, అందులో దుమ్ము ఉన్నాయి. పెట్టె పైన పడే దుమ్మును నా స్వంత బాధ్యత మీద రోజూ తుడుస్తున్నాను.

మర్నాడు మధ్యాహ్నం గిన్నెలు బోర్లించి హాల్లోకి వచ్చేసరికి అత్తగారు అప్పుడే కాసెట్ ఊదుతున్నారు. ఒక్కసారే ఊదారు. ఆట వచ్చింది. ఆవిడ మూడో కోటలో ఉండగా గుమ్మంలో జీపు ఆగింది.

"నియమిత తనిఖీ," అన్నారు వామనమూర్తిగారు చెప్పులు విడుస్తూ. అటెండరు రాలేదు. చేతిలో ఫైలు కూడా లేదు. "ఆధునికత కొనసాగుతున్నదీ లేనిదీ అప్పుడప్పుడూ చూసుకోవాలి."

"కూర్చోండి నాయనా. మీ ఆవిడకు మోకాలి నొప్పి తగ్గిందా?" అన్నారు అత్తగారు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"తగ్గిందమ్మా. అంగీకరిస్తున్నాను."

ఆయన కింద చాప మీద కూర్చున్నారు. నాలుగో కోట, అయిదో కోట అయ్యాయి. ఆరో కోటలో ఒక ప్రాణం, ఏడో కోటలో ఇంకొకటి పోయాయి. ఎనిమిదో కోట గుమ్మం ముందుకు వచ్చేసరికి చివరిది మిగిలింది. గబ్బిలం కిందికి దిగుతోంది.

వామనమూర్తిగారి చెయ్యి తనకు తెలియకుండానే ప్లగ్గు దగ్గరికి వెళ్ళింది. నేను ఉలిక్కిపడ్డాను. ఆయన ప్లగ్గును ఇంకా లోపలికి నొక్కి, ఊడకుండా అలాగే పట్టుకున్నారు.

"ఇప్పుడు కాదమ్మా," అన్నారు గుసగుసగా. "రెక్క పైకి లేవనివ్వండి... ఇప్పుడు!"

"నాకు తెలుసు, నువ్వుండు," అన్నారు అత్తగారు. కోతి దూకింది.

గబ్బిలం పైన ఉండిపోయింది. తలుపు తెరుచుకుంది. మిషను ఎప్పుడూ వినిపించని రాగం ఒకటి వాయించింది. అందరం తెర మీదికి వంగాం. తలుపు అవతల వెలుతురు, మామిడిచెట్టు, ఆకాశం కనిపించాయి. కోతి నాలుగు అడుగులు వేసి ఒక గోడ ముందు ఆగింది.

ఆ గోడ మాకు బాగా తెలుసు. అది మొదటి గోడ.

"ఇదేమిటమ్మా?" అన్నారు వామనమూర్తిగారు. "ఇంత కష్టపడి మళ్ళీ మొదటికే వచ్చామా?"

అత్తగారు కళ్ళజోడు తీసి పమిటతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ముఖమంతా నవ్వే.

"మరి? రేపు ఆడుకోవడానికి ఉండొద్దూ?"

వామనమూర్తిగారు చాప మీద కొంచెం ముందుకు జరిగారు. తర్వాత అటూ ఇటూ చూసి, ఎవరూ అడక్కుండానే, ఆ పూట కూరకు పెట్టిన చిక్కుడుకాయల బుట్ట తన దగ్గరికి లాక్కున్నారు.